ఇంటి వీడియోల సర్వర్‌కు చవక గ్రాఫిక్స్ కార్డు: ఎంపిక నుంచి అమరిక దాకా

మా ఇంట్లో 2004 నాటి అన్నయ్య పెళ్లి డీవీడీలలో ఉంది, చెల్లెలి పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్ డిస్కులో 4కే ఫైళ్లుగా ఉంది, పిల్లల నామకరణాలూ పుట్టినరోజులూ ఫోన్లలో తీసినవి. వీటన్నిటినీ ఒక పాత డెస్క్‌టాప్‌లో చేర్చి, జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ముందుగదిలోని టీవీలో అమ్మానాన్నలూ, డాలస్‌లో ఉన్న అన్నయ్యా ఒకే చోటి నుంచి చూసుకునేలా చేయాలనుకున్నాను. ఫైళ్లు చేర్చడం ఒక్క ఆదివారంలో అయిపోయింది. కానీ అన్నయ్య అక్కడ ప్లే నొక్కగానే ఇక్కడ ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిలో మునిగిపోయి, తలంబ్రాల ఘట్టం పది సెకన్లు నడిచి ఇరవై సెకన్లు ఆగిపోతూ వచ్చింది. ఆ చిక్కు ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డుతో తీరింది. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి ఉంటే ఏ కార్డు ఎంచుకోవాలో, దాన్ని ఎలా అమర్చాలో, అది నిజంగా పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలో వరుసగా చెబుతాను.

అసలు కార్డు అవసరమా

సర్వర్‌లోని ఫైలును చూసే పరికరం ఉన్నదున్నట్టు చదవగలిగితే, సర్వర్ దాన్ని యథాతథంగా పంపిస్తుంది. దీన్ని డైరెక్ట్ ప్లే అంటారు, దీనికి పదేళ్ల నాటి ప్రాసెసర్ కూడా ఎక్కువే. పరికరం ఆ ఫార్మాట్‌ను చదవలేకపోయినా, మధ్యలోని ఇంటర్నెట్ అంత డేటాను మోయలేకపోయినా, సర్వర్ ఆ వీడియోను అప్పటికప్పుడు విప్పి, చిన్నదిగా చేసి, వేరే ఫార్మాట్‌లో మళ్లీ కట్టి పంపాలి. ఇది ట్రాన్స్‌కోడింగ్. ఐఫోన్‌లో 30 ఫ్రేముల వేగంతో తీసిన 4కే వీడియో నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు ఉంటుంది, అంటే సెకనుకు దాదాపు 23 మెగాబిట్లు. ఇంట్లో వైఫై మీద ఇది సులువుగా వెళ్లిపోతుంది. సముద్రాలు దాటి ఫోన్‌లో చూసేవారికి మాత్రం 6 లేదా 8 మెగాబిట్లకు తగ్గించి పంపడమే మేలు.

కాబట్టి ముందు డబ్బు ఖర్చు పెట్టకుండా ఒక పరీక్ష చేయండి. మీ ఇంట్లోవారు చూసే ప్రతి పరికరంలోనూ ఒక పాత వీడియో, ఒక కొత్త వీడియో ప్లే చేసి, ప్లేయర్‌లోని చక్రం గుర్తు నొక్కి ప్లేబ్యాక్ ఇన్ఫో తెరవండి. అక్కడ డైరెక్ట్ ప్లే అని ఉందో, ట్రాన్స్‌కోడింగ్ అని ఉందో, ట్రాన్స్‌కోడింగ్ అయితే దానికి కారణమేమిటో కనిపిస్తుంది. అన్నిచోట్లా డైరెక్ట్ ప్లే వస్తుంటే, బయటి ఊరి నుంచి చూసేవారు ఎవరూ లేకపోతే, మీకు ఈ కార్డు అక్కర్లేదు.

రెండో పరీక్ష ప్రాసెసర్‌కు సంబంధించినది. ఇంటెల్ 7వ తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లలో, లోపలే గ్రాఫిక్స్ ఉన్నవాటికి, 10 బిట్ హెచ్ఈవీసీని (కొత్త ఫోన్లు వాడే వీడియో ఫార్మాట్, అందులో రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం) విప్పే శక్తీ కట్టే శక్తీ రెండూ ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అదే సరిపోతుంది. 6వ తరానిది 8 బిట్ దగ్గర ఆగిపోతుంది, 4వ తరానికి పాత ఫార్మాట్ అయిన హెచ్.264 తప్ప పనికొచ్చేది లేదు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలోనూ, 7000 శ్రేణికి ముందు వచ్చి చివర జీ అక్షరం లేని రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోనూ గ్రాఫిక్స్ అసలు ఉండదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఇలాంటి ప్రాసెసర్లు ఉన్నవారి కోసం.

కార్డు ఎంపిక

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. గ్రాఫిక్స్ కార్డు అనగానే దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ఏ గేమ్ ఆడతారని. మన పనికి గేముల బలంతో సంబంధం లేదు. కార్డులో వీడియోను విప్పి కట్టడానికి విడిగా ఒక చిన్న ఇంజన్ ఉంటుంది. మనం కొనేది ఆ ఇంజన్‌ను. ఇంటెల్ ఆర్క్ అనే గ్రాఫిక్స్ కార్డుల ‘ఏ’ శ్రేణిలో అన్నిటికంటే చిన్నదైన ఏ310లోనూ, అన్నిటికంటే పెద్దదైన ఏ770లోనూ ఈ వీడియో ఇంజన్లు రెండేసి ఉంటాయి. ధరలో ఎంతో తేడా ఉన్నా మన పనిలో తేడా అంతగా కనబడదు.

అందుకే నా సలహా ఏ310, లేదా అది దొరక్కపోతే ఏ380. రెండూ 2022లో వచ్చినవి. ఏ310లో 4 గిగాబైట్లు, ఏ380లో 6 గిగాబైట్ల మెమరీ ఉంటుంది. హెచ్.264, 10 బిట్ హెచ్ఈవీసీ, వీపీ9, ఏవీ1 అనే నాలుగు వీడియో ఫార్మాట్లనూ విప్పగలవు. ఏవీ1ను హార్డ్‌వేర్‌లో కట్టగలిగిన మొదటి డెస్క్‌టాప్ కార్డులు కూడా ఈ ఆర్క్ శ్రేణివే. జెల్లీఫిన్‌లో ఈ హార్డ్‌వేర్ సౌకర్యానికి రుసుము లేదు. జెల్లీఫిన్ లాంటిదే అయిన ప్లెక్స్ వాడేవారు దీనికోసం ప్లెక్స్ పాస్ కొనాలి.

అయితే ఒక షరతు ఉంది. ఇంటెల్ ఈ కార్డులకు అధికారికంగా మద్దతు ఇచ్చేది 10వ తరం, ఆ తరువాతి ఇంటెల్ ప్రాసెసర్ల మీదా, దాదాపు అదే కాలపు రైజెన్ల మీదా మాత్రమే. పాత బోర్డులలో పనిచేసిన సందర్భాలు ఎన్నో ఉన్నా, అది ఆ బోర్డు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, తిరిగి తీసుకుంటామని దుకాణదారు ఒప్పుకుంటేనే పాత బోర్డుకు ఆర్క్ కొనండి. ఒప్పుకోకపోతే సెకండ్ హ్యాండ్‌లో ఎన్విడియా క్వాడ్రో పీ400, పీ600, లేదా వాటి తరువాత వచ్చిన టీ400 చూడండి. పీ400, టీ400 చెరో 30 వాట్లకు మించి తీసుకోవు, ఆఫీసుల నుంచి వచ్చే పాత డెస్క్‌టాప్‌లలో చక్కగా ఇముడుతాయి. ఏవీ1 జోలికి పోవు గానీ హెచ్ఈవీసీ వరకు ఇబ్బంది లేదు. పీ400, పీ600 పాస్కల్ తరానివి. ఆ తరాన్ని నడిపే ఎన్విడియా డ్రైవర్ శాఖలలో 580 చివరిది. అంటే వాటిని కొంటే డ్రైవర్‌ను ఆ సంఖ్య దగ్గరే ఆపి ఉంచుకోవాలి. ధరలో పెద్ద తేడా లేకపోతే టీ400 తీసుకోవడమే మంచిది.

చవకగా దొరుకుతున్నాయని కొనకూడనివి కూడా ఉన్నాయి. ఎన్విడియా జీటీ 1030లో వీడియోను విప్పే ఇంజన్ ఉంది, కట్టే ఇంజన్ లేదు. ట్రాన్స్‌కోడింగ్‌లో సగం పని మళ్లీ ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఏఎండీ ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులదీ ఇదే లోపం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో నాకు మొదట చూపించినది 1030నే. అడిగినదాన్నిబట్టి చూపించారు, నేనే అడగవలసిన తీరులో అడగలేదు. కట్టే ఇంజన్‌నే ఎన్‌కోడర్ అంటారు. మీరు వెళ్లినప్పుడు ‘వీడియో ఎన్‌కోడర్ ఉన్న కార్డు, స్లాట్ కరెంటుతోనే నడిచేది కావాలండీ’ అని అడగండి.

క్యాబినెట్ తెరిచి చూడవలసినవి

బయలుదేరే ముందు క్యాబినెట్ తలుపు తీసి మూడు విషయాలు చూసుకోండి. మొదటిది ఎత్తు. పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లలో సన్నగా ఉండే రకం అయితే సగం ఎత్తు కార్డు, అంటే లో ప్రొఫైల్ కార్డు మాత్రమే పడుతుంది. అలాంటి కార్డుతోపాటు పొట్టి బ్రాకెట్ కూడా పెట్టెలో ఉండాలి. కార్డు సగం ఎత్తుదే అయినా బిగించి ఉన్న బ్రాకెట్ పొడుగుది కావచ్చు. నేను పెట్టె తెరవకుండా ఇంటికి తెచ్చుకుని, రాత్రి పదింటికి స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని పొట్టి బ్రాకెట్ లేదని తెలుసుకున్నాను. దుకాణంలోనే తెరిచి చూడండి.

రెండోది కరెంటు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి. ఏ310లో ఆ పరిధిలోనే నడిచి విడిగా వైరు అడగని నమూనాలు ఉన్నాయి. ఏ380 నమూనాలలో కొన్నిటికి మాత్రం ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి ప్రత్యేకమైన వైరు కావాలి, ఆఫీసు డెస్క్‌టాప్‌ల ఎస్ఎంపీఎస్‌లలో అది సాధారణంగా ఉండదు. కార్డు వెనక అంచు మీద ప్లగ్ ఉందో లేదో కళ్లతో చూసి నిర్ధారించుకోండి. మూడోది స్లాట్: బోర్డు మీద అన్నిటికంటే పొడవైన, ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న స్లాట్ ఖాళీగా ఉండాలి.

అమర్చేటప్పుడు ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకిన తరువాతే కార్డు పట్టుకోండి. స్లాట్ చివర ఉన్న చిన్న పట్టీ టక్కుమని పడేదాకా సమానంగా నొక్కండి.

బయోస్‌లో మార్పులు

ఆర్క్ కార్డు పెట్టినవారు మొదటిసారి ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లండి. బూటింగ్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉండాలి, పాత పద్ధతి కోసం ఉంచే సీఎస్ఎం ఆఫ్‌లో ఉండాలి. రీసైజబుల్ బార్ అనేది కనబడితే ఆన్ చేయండి. గేములకు అది ప్రాణం లాంటిది, వీడియో పనికి లేకపోయినా నడుస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది ఏఎస్‌పీఎం. పని లేనప్పుడు కార్డును నిద్రపుచ్చే ఏర్పాటు ఇది. సర్వర్ రోజుకు 24 గంటలూ నడుస్తుంది, అందులో ఎవరైనా వీడియో చూసేది రెండు మూడు గంటలే. మిగతా సమయమంతా కార్డు ఊరికే 10 వాట్లు ఎక్కువ తిన్నా ఏడాదికి దాదాపు 80 యూనిట్లు. అందుకే బయోస్‌లో నేటివ్ ఏఎస్‌పీఎంను ఆన్ చేసి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్ట్ దగ్గర ఎల్1 స్థాయిని ఎంచుకోండి. అందరి బయోస్‌లోనూ ఈ పేర్లు ఒకేలా ఉండవు, చిప్‌సెట్ లేదా పవర్ విభాగంలో వెతకాలి. కరెంటు పోయి వచ్చిన తరువాత కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యే అమరిక కూడా అక్కడే ఉంటుంది. ఊళ్లో లేనప్పుడు దాని విలువ తెలుస్తుంది, ఇప్పుడే పెట్టుకోండి.

లినక్స్ తరఫు పని

సర్వర్‌లో లినక్స్ ఉందనే అనుకుంటున్నాను. దాని మూల భాగమైన కెర్నల్ 6.2, అంటే 2023 ఫిబ్రవరిలో వచ్చినది, లేదా దాని తరువాతిది అయితే ఆర్క్ కార్డును ప్రత్యేకమైన తంటాలు లేకుండా గుర్తిస్తుంది. ఉబుంటు 24.04లో 6.8 ఉంది, డెబియన్ 13లో 6.12 ఉంది, రెండూ సరిపోతాయి. డెబియన్ 12 వాడేవారు జాగ్రత్తగా ఉండాలి: దానితో వచ్చేది 6.1, ఒక్క మెట్టు కింద. పాత విడుదలకు కొత్త ప్యాకేజీలు ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ నుంచి కొత్త కెర్నల్ వేసుకోవాలి లేదా డెబియన్ 13కు మారాలి. కార్డు ఫర్మ్‌వేర్ ఫైళ్ల ప్యాకేజీ కూడా పాతదిగా ఉండకుండా చూసుకోండి.

తరువాత దేవ్ ఫోల్డర్ లోపల డీఆర్ఐ అనే ఫోల్డర్ చూడండి. అందులో రెండర్‌డీ128 అనే పేరు కనిపిస్తే కార్డును సిస్టమ్ గుర్తించినట్టే. ప్రాసెసర్‌లో కూడా గ్రాఫిక్స్ ఉన్నవారికి రెండర్‌డీ129 అని రెండో పేరు కూడా ఉంటుంది, ఏది ఏదో పొరబడే అవకాశం ఇక్కడే. అదే చోట ఉన్న బై-పాత్ ఫోల్డర్‌లో ప్రతి పేరుకూ ఎదురుగా స్లాట్ చిరునామా ఉంటుంది. దాన్ని, స్లాట్లలోని కార్డుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం చూపే చిరునామాతో పోల్చి ఆర్క్ ఏదో రాసిపెట్టుకోండి.

జెల్లీఫిన్‌ను డాకర్‌లో (ప్రోగ్రామును కంటైనర్ అనే విడి అరలో నడిపే సాధనం) నడుపుతున్నవారు రెండు పనులు చేయాలి. కంపోజ్ ఫైలులో డివైసెస్ అనే శీర్షిక కింద ఆ రెండర్ పేరును పూర్తి దారితో ఇవ్వాలి. అలాగే గ్రూప్ యాడ్ అనే శీర్షిక కింద, సర్వర్‌లో రెండర్ గ్రూపుకు ఉన్న సంఖ్యను ఇవ్వాలి; గ్రూపు పేరు కాదు, సంఖ్య. కంటైనర్ లోపల అదే పేరుకు వేరే సంఖ్య ఉండవచ్చు, లేదా ఆ పేరే ఉండకపోవచ్చు. నేను పేరు ఇచ్చి, రెండు సాయంత్రాలు తప్పంతా కార్డుదే అనుకున్నాను. డాకర్ లేకుండా నేరుగా పెట్టినవారు జెల్లీఫిన్ యూజర్‌ను రెండర్ గ్రూపులో చేర్చి, సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే చాలు.

జెల్లీఫిన్‌లో ఏవి ఆన్ చేయాలి

బ్రౌజర్‌లో సర్వర్ చిరునామాను 8096 పోర్టుతో తెరిచి, డ్యాష్‌బోర్డులో ప్లేబ్యాక్ కింద ట్రాన్స్‌కోడింగ్ పేజీకి వెళ్లండి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ దగ్గర ఇంటెల్ క్విక్‌సింక్ ఎంచుకుని, డివైస్ దగ్గర మీరు రాసిపెట్టుకున్న రెండర్ దారిని ఇవ్వండి. ఎన్విడియా వారు ఎన్‌వీఎన్‌క్ ఎంచుకోవాలి. విప్పవలసిన ఫార్మాట్ల జాబితాలో హెచ్.264, హెచ్ఈవీసీ, 10 బిట్ హెచ్ఈవీసీ, వీపీ9, 10 బిట్ వీపీ9, ఏవీ1లకు టిక్ పెట్టి మిగతావాటిని వదిలేయండి. పాస్కల్ (పీ400, పీ600), ట్యూరింగ్ (టీ400) తరాల కార్డులవారు ఏవీ1 టిక్ తీసేయాలి. డీవీడీల ఎంపెగ్-2 చాలా తేలికది, దాన్ని ప్రాసెసర్ శ్రమ లేకుండా విప్పగలదు.

ఏవీ1లోకి కట్టడాన్ని అనుమతించే టిక్‌ను మొదట వదిలేయమని చెబుతాను. కార్డుకు ఆ శక్తి ఉంది గానీ, ఇంట్లోని పాత టీవీకీ, తాతయ్యగారి ఫోన్‌కూ దాన్ని చదివే శక్తి ఉండదు. హెచ్.264తో అన్నిచోట్లా సవ్యంగా నడుస్తోందని తేలిన తరువాత హెచ్ఈవీసీ, ఆ పైన ఏవీ1 ఒక్కొక్కటిగా ప్రయత్నించండి. తక్కువ డేటాతో మంచి బొమ్మ కావలసిన దూరపువారికి అప్పుడు ఏవీ1 నిజంగా ఉపయోగపడుతుంది.

టోన్ మ్యాపింగ్ టిక్ మాత్రం తప్పనిసరి. హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే వీడియోను, మామూలు తెరకు తగ్గట్టు సర్దేది అదే. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి ఐఫోన్ కెమెరాలు హెచ్‌డీఆర్‌లో, డాల్బీ విజన్ రూపంలో వీడియో తీయగలవు. అలాంటి వీడియోను టోన్ మ్యాపింగ్ లేకుండా మామూలు టీవీకి కట్టి పంపితే పసుపు బట్టలు బూడిద రంగులోకి దిగిపోయి, మంటపమంతా పొగమంచు కమ్మినట్టు కనిపిస్తుంది. అదే పేజీలో వీపీపీ టోన్ మ్యాపింగ్ అని ఇంకొకటి ఉంటుంది. అది హెచ్‌డీఆర్10కే పనికొస్తుంది; ఐఫోన్ వీడియోలు ఎక్కువగా ఉన్నవారు మొదటిదాన్నే నమ్ముకోవాలి.

పాత పెళ్లి డీవీడీలకు డీఇంటర్‌లేసింగ్ కావాలి. మన దేశంలో వాడినది పాల్ అనే టీవీ పద్ధతి కాబట్టి అవి 720×576 కొలతలో, ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా రెండు ముక్కలు చేసి రికార్డు చేసినవి. ఆ రెండు ముక్కల మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. అన్నయ్య పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి చెయ్యి కదలగానే ఆ చేతి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపించేవి. డిస్కు పాడైందనే ఇన్నేళ్లూ అనుకున్నాం. డిస్కు బాగానే ఉంది. ట్రాన్స్‌కోడింగ్ జరిగేటప్పుడు డీఇంటర్‌లేసింగ్ ఆన్‌లో ఉంటే ఆ గీతలు కలిసిపోయి చెయ్యి చెయ్యిలాగే కదులుతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కార్డు వచ్చింది కదా అని ఫైళ్లన్నిటినీ ఒకేసారి చిన్నవిగా మార్చేసి, అసలు వాటిని తుడిచేయకండి. కట్టిన ప్రతిసారీ వీడియో కొంత నాణ్యత కోల్పోతుంది, పోయింది తిరిగి రాదు. అసలు ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే భద్రంగా ఉండాలి, చూసేవారికి తగిన రూపం మాత్రం అప్పటికప్పుడు తయారవ్వాలి. కార్డును మనం పెడుతున్నదే అందుకు.

పనిచేస్తోందని రుజువు

సెట్టింగులు సేవ్ చేశాక నమ్మకం మీద వదిలేయకండి. ఒక 4కే వీడియోను బ్రౌజర్‌లో ప్లే చేసి, నాణ్యతను 720పీకి తగ్గించండి. అలా బలవంతంగా ట్రాన్స్‌కోడింగ్ మొదలవుతుంది. ఇంకో పక్క సర్వర్‌లో ఇంటెల్ జీపీయూ టాప్ అనే ఆదేశం నడపండి. ఇంటెల్ జీపీయూ టూల్స్ ప్యాకేజీలో అది ఉంటుంది. వీడియో అనే వరుసలో శాతం పైకి లేవాలి, ప్రాసెసర్ వాడకం పెద్దగా పెరగకూడదు. మూడో సాక్ష్యం జెల్లీఫిన్ లాగ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ట్రాన్స్‌కోడ్ అనే పేరుతో మొదలయ్యే తాజా ఫైలు తెరిచి, హెచ్264 క్యూఎస్‌వీ అన్న మాట కోసం వెతకండి (క్యూఎస్‌వీ అంటే క్విక్‌సింక్). అది ఉంటే కట్టేది కార్డే. దాని బదులు లిబ్‌ఎక్స్264 ఉంటే ఇంకా ప్రాసెసరే మోస్తోందన్న మాట, రెండర్ గ్రూపు సంఖ్య దగ్గరికి మళ్లీ వెళ్లండి.

ఒకేసారి మూడు పరికరాలలో మూడు వేర్వేరు వీడియోలు నడిపి కూడా చూడండి. ఎన్విడియా మామూలు కార్డులలో ఒకేసారి కట్టగలిగే వీడియోల సంఖ్యకు డ్రైవర్‌లోనే పరిమితి ఉంటుంది. 2023లో దాన్ని 5కు, 2024లో 8కి పెంచారు, ఇంటి అవసరానికి అది చాలు. ఆర్క్‌కు అలాంటి పరిమితి లేదు.

ఫ్యాన్ సంగతి కూడా ఈ సమయంలోనే గమనించండి. నా కార్డు ఫ్యాన్ ఊరికే ఉన్నప్పుడు కూడా కొన్ని సెకన్లకొకసారి వేగం పెంచుకుని తగ్గించుకుంటూ, ముందుగదిలో నిద్రపోయే నాన్నగారికి ఇబ్బంది కలిగించింది. ఆ కార్డును ఒక రోజు విండోస్ ఉన్న కంప్యూటర్‌లో పెట్టి తాజా డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశాను. దానితోపాటు కార్డు లోపలి ఫర్మ్‌వేర్ కూడా అప్‌డేట్ అవుతుంది. మా కార్డు విషయంలో ఆ చప్పుడు అంతటితో తగ్గింది.

దూరాన ఉన్నవారికి

మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా ఇవ్వరు, ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతారు. అందువల్ల రౌటర్‌లో పోర్టు తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. ఇచ్చినా, ఇంటి సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం నాకు ఇష్టం లేదు. మన పరికరాల మధ్య ఇంటర్నెట్ మీద ప్రైవేటు దారి వేసే టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌లోనూ, చూసేవారి ఫోన్‌లోనూ పెట్టి ఒకే ఖాతాకు కలిపితే, సొంత చిరునామా లేకపోయినా దారి ఏర్పడుతుంది.

ఆ తరువాత జెల్లీఫిన్‌లో ప్లేబ్యాక్ కింద స్ట్రీమింగ్ పేజీలో ఇంటర్నెట్ బిట్‌రేట్ పరిమితిని మీ అప్‌లోడ్ వేగంలో సగం మించకుండా పెట్టండి. టెయిల్‌స్కేల్ ద్వారా వచ్చేవారిని సర్వర్ ఇంటివారిగానే లెక్కిస్తే ఈ పరిమితి వర్తించదు. అప్పుడు నెట్‌వర్కింగ్ పేజీలో ఇంటి వైఫై శ్రేణిని మాత్రమే లోకల్ నెట్‌వర్క్‌గా రాయాలి. మా ఇంట్లో 8 మెగాబిట్ల దగ్గర పెట్టాను. మొన్న శనివారం అక్కడ పొద్దున, ఇక్కడ రాత్రి, అన్నయ్య వదినగారితో కలిసి తన పెళ్లి మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చూశాడు. అదే సమయంలో అమ్మ టీవీలో చెల్లెలి పెళ్లి చూస్తోంది, ఇంటెల్ జీపీయూ టాప్‌లో వీడియో వరుస సగం కూడా నిండలేదు.